పెదవేగిలో ఏం పని?

“ఉద్యోగం చేస్తూ ఊళ్ళు తిరగలేం మేడమ్. తిరగాలంటే ముందు ఇది మానెయ్యాలి” అని మా సెక్షన్లో కొత్తగా చేరిన అబ్బాయి భోజనాల బల్ల దగ్గర తేల్చేశాడు. ఏడాదికి సరిపడా డబ్బు కూడబెట్టి, వియత్నాంలో మొదలుపెట్టి జార్జియా దాకా వెళ్ళొస్తాడట. అతని మీద నాకు కోపమేం లేదు. పాతికేళ్ళ వయసులో ఎటైనా పోవాలనిపించకపోతే అప్పుడు డాక్టరుకు చూపించాలి. కానీ ఉద్యోగం ఒకపక్క, తిరుగుడు ఇంకోపక్క అని అతను గీసిన గీత మాత్రం నాకు మింగుడుపడలేదు. నేను చూసిన దేశమంతా నాకు ఉద్యోగమే చూపించింది. సొంత డబ్బు పెట్టుకుని, సెలవు చీటీ రాసిచ్చి చూసొచ్చినవీ ఉన్నాయి: ఊటీ, సిమ్లా, ఒకసారి సింగపూర్. వాటి ఫొటోలు బీరువాలో ఉన్నాయి. ఆ ఊళ్ళలో ఎవరేం తింటారో, ఎవరికి ఎంత అప్పుందో, వానొస్తే నీళ్ళు ఎటు పోతాయో అడిగితే నోరు పెగలదు. పెదవేగి గురించి అడగండి, చెప్తాను.

నేను హైదరాబాదులో ఒక ప్రభుత్వరంగ బ్యాంకు ఇన్‌స్పెక్షన్ విభాగంలో పనిచేస్తున్నాను. వచ్చే ఏడాది రిటైర్మెంటు. కూకట్‌పల్లిలో ఫ్లాటు, గేటు ముందు కూరగాయల బండి, మెట్రో పిల్లరు నంబరుతో చెప్పుకునే చిరునామా. సర్వీసులో ఎక్కువ భాగం క్యాంపుల మీదే గడిచింది. బ్రాంచికి వెళ్ళి పుస్తకాలు తనిఖీ చేయడం, అప్పు తీసుకున్నవాళ్ళ పొలమో చెరువో మిల్లో చూసి రావడం, రిపోర్టు రాయడం, టీఏ బిల్లు పెట్టడం, అందులో కొంత కోత పడితే గొణుక్కోవడం. ఇదీ నా దేశాటన.

ఆడదాన్ని కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో “ఊరికే అలా వెళ్ళొస్తాను” అని ఇంట్లో అనుంటే ఏం జరిగేదో నాకు తెలుసు. ఏమీ జరిగేది కాదు. అందరూ నవ్వి ఊరుకునేవాళ్ళు, నేను వంటింట్లోకి వెళ్ళేదాన్ని. “ఆఫీసు పని మీద ఏలూరు వెళ్ళాలి, వారం పడుతుంది” అంటే మాత్రం మా అత్తగారు కూడా అడ్డు చెప్పలేదు. పైగా డబ్బా నిండా జంతికలు పోసిచ్చేవారు. మగవాళ్ళు స్నేహితులతో కలిసి గోవాకో శబరిమలకో బయల్దేరొచ్చు. మా తరం ఆడవాళ్ళకు గడప దాటడానికి ఒక ఆర్డరు కాగితం కావాలి, కింద పైఅధికారి సంతకం ఉండాలి. అది చేతిలో పడితే ఇక రాష్ట్రమంతా మాదే. జీతం ఇంటి ఖర్చులకు పోయేది, ఆ కాగితం మాత్రం పూర్తిగా నాది.

సికింద్రాబాదులో రాత్రి గౌతమి ఎక్కితే తెల్లవారకముందే ఏలూరు. అక్కణ్ణుంచి పెదవేగి సుమారు 12 కిలోమీటర్లు. మొదటిసారి వెళ్ళినప్పుడు జీపు డ్రైవరు అద్దంలోంచి చూస్తూ అడిగాడు: “పెదవేగిలో ఏం పనండీ మీకు? చూడటానికి ఏముండదండీ అక్కడ. అన్నీ పామాయిలు తోటలేనండి.” ఆ తోటల కోసమే వెళ్తున్నానంటే ఈసారి అద్దం సరిపోక, తల తిప్పి చూశాడు.

ఆయిల్‌పామ్ తోట మీద అప్పిచ్చిన బ్యాంకు తనిఖీ అంటే మొదట చెట్లు లెక్కపెట్టడం. తొమ్మిది మీటర్ల ఎడంతో ముక్కోణంగా నాటితే ఎకరానికి 57 మొక్కలు పడతాయి. కాగితం మీద పదెకరాలు రాసుంటే 570కి అటూ ఇటూగా ఉండాలి. చెట్టు చెట్టునూ లెక్కపెడుతూ నడిస్తే తోట ఎలాంటిదో తెలిసినట్టు, కారాపి ఫొటో తీసుకుంటే తెలియదు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల సాయంత్రంలాగే ఉంటుంది. కోసిపడేసిన మట్టలు వరసల మధ్య కుళ్ళి, కాలు పెడితే నేల దిగుతుంది. కోత మనిషి పొడవాటి గొట్టం చివర కొడవలి బిగించి, మెడ విరిగేలా పైకి చూస్తూ ముందు మట్ట తెగ్గొడతాడు, తర్వాత గెల కాడ. గెల కిందపడ్డ చప్పుడు చెవుల కంటే ముందు అరికాళ్ళకు తెలుస్తుంది. ఇరవై కిలోల బరువు, ఒళ్ళంతా ముళ్ళు. చేత్తో పట్టుకోలేరు, ఇనప కొక్కెంతో లాగుతారు. చుట్టూ చెదిరిన ఎర్రటి పళ్ళను ఆడవాళ్ళు వంగి గోనెసంచుల్లోకి ఏరుతుంటారు. “రాలిన పండులోనే నూనెక్కువండి, ఇది వదిలేస్తే రైతుకేం మిగులుద్దండి” అని అందులో ఒక పెద్దామె నాకు పాఠం చెప్పింది. మా బ్యాంకు శిక్షణ కేంద్రంలో ఆయిల్‌పామ్ మీద చెప్పిన క్లాసులో ఈ ముక్క లేదు.

ఆ ఊళ్ళో అందరిదీ ఒకటే తొందర. గెల కోసిన 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి. ఆలస్యమైతే పండులో ఆమ్లాలు పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. అందుకే ట్రాక్టరు ఎప్పుడొస్తుంది, కాటా దగ్గర ఎన్ని బళ్ళున్నాయి, కూలీలు రేపొస్తారా, ఎక్కడ నిలబడ్డా ఇవే మాటలు. ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ పెదవేగిలోనే ఉంది. జాతీయ ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రాన్ని కూడా 1995లో ఇక్కడే పెట్టారు. ఇప్పుడది భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ. దేశంలో ఎక్కడ ఆయిల్‌పామ్ మాటెత్తినా పెదవేగి పేరు రావాల్సిందే.

ఒక రైతు మగపూల గుత్తి వంచి నా ముందు పెట్టాడు. దాని మీద నువ్వుగింజంత పురుగులు లెక్కలేనన్ని పాకుతున్నాయి. ఈ చెట్టుది పశ్చిమాఫ్రికా. మలేషియాలో తోటలు వేశాక పరాగసంపర్కం సరిగా జరక్క కూలీల చేత పుప్పొడి చల్లించేవారు. చివరికి 1981లో కామెరూన్ నుంచి ఈ ముక్కుపురుగును తెచ్చి తోటల్లో వదిలారు. నాలుగేళ్ళకు అది కేరళ చేరింది, తర్వాత ఇటొచ్చింది. “జీతం లేదండి, బత్తెం లేదండి. దీనంత తిరిగినోళ్ళు మా మండలంలో లేరండి” అన్నాడాయన. నేను వెంటనే నోటుపుస్తకం తీసి రాసుకున్నాను. అప్పు గురించిన వివరమేదో రాసుకుంటున్నానని ఆయన కంగారుపడ్డాడు.

తోట గట్టు మీద నడుస్తుంటే కాలికి పెంకులు తగిలాయి. “ఇక్కడ ఎక్కడ గునపం దించినా ఇవేనండి” అని ఆ రైతే కొన్ని ఏరి చూపించాడు. ఈ పెదవేగే ఒకప్పటి వేంగి. చిత్రరథస్వామిని కొలిచిన శాలంకాయనుల రాజధాని, 624లో కుబ్జవిష్ణువర్ధనుడు మొదలుపెట్టిన తూర్పు చాళుక్యుల రాజ్యానికి పేరిచ్చిన ఊరు. అంతకంటే ముందు, రెండో శతాబ్దంలోనే గ్రీకు భూగోళకారుడు టాలెమీ ‘సలకెనోయ్’ అనే జనాన్నీ వాళ్ళ పట్టణాన్నీ తన పుస్తకంలోకి ఎక్కించాడు. మనిషి ఇటు వచ్చింది లేదు. ఓడల వాళ్ళూ వర్తకులూ పని మీద వచ్చి చూసి చెప్పిందే ఆయన కూర్చుని రాసుకున్నాడు. బ్రాంచి రిపోర్టులు ముందేసుకుని ఏడాది చివర్లో మా హెడ్డాఫీసు వాళ్ళు చేసేదీ అదే.

ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ఆంధ్రదేశానికి వచ్చాడు. ఆయన రాసిన రాజధాని పేరు వేంగిదేనని చాలామంది చరిత్రకారులు పోల్చారు. స్కూలు పుస్తకంలో బొమ్మ చూసి ఆయన తీరిగ్గా దేశాలు చూడ్డానికి బయల్దేరిన మనిషని నేను చాలాకాలం అనుకునేదాన్ని. ఆయనకు పని ఉంది. బౌద్ధ గ్రంథాల్లో సందేహాలున్నాయి, మూలప్రతులు కావాలి. సెలవు మంజూరు కాకుండానే, చక్రవర్తి అనుమతి లేకుండా 629లో సరిహద్దు దాటాడు. 645లో 657 గ్రంథాలతో తిరిగి వెళ్ళాడు. మన ఏనుగుల వీరాస్వామయ్య దీనికి సరిగ్గా ఎదురు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం, పద్ధతిగా సెలవు పెట్టి 1830 మే 18న కాశీకి బయల్దేరాడు. 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైమాటే. యాత్ర చేసింది పుణ్యానికే అయినా, ఆయన కళ్ళు మాత్రం కోర్టు ఉద్యోగి కళ్ళే: ఏ మజిలీలో ఏం దొరుకుతుంది, దారెలా ఉంది, సుంకమెక్కడ కట్టాలి, అన్నీ రాసి ఉత్తరాలుగా స్నేహితుడికి పంపాడు. అవే కాశీయాత్ర చరిత్ర అయ్యాయి. తెలుగులో తొలి యాత్రాగ్రంథం ఒక సెలవు పెట్టిన ఉద్యోగి రాసిన రిపోర్టు అంటే, ఆడిట్ విభాగం వాళ్ళం కాస్త గర్వపడొచ్చు.

పెదవేగి మెరక. అక్కణ్ణుంచి ఏలూరు దాటి దక్షిణానికి దిగితే నేల చదునై, నీళ్ళు మొదలవుతాయి. కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఆ పల్లంలోకి తమ్మిలేరు, బుడమేరు వచ్చి పడతాయి. మళ్ళీ సముద్రంలోకి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టం నుంచి కొలిచే ఎత్తు గీత) దాకా అభయారణ్యమన్నారు. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సర్కారు ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు పేల్చింది. బ్యాంకువాళ్ళకు కొల్లేరు అంటే ముందు కాంటూరే. చెరువు అయిదుకు లోపలా బయటా? ఈ ప్రశ్నకు జవాబు కాగితం మీద ఒకటుంటుంది, గట్టు మీద నిలబడి చూస్తే ఇంకోటి అనిపిస్తుంది. ఒక సంగతి చెప్తాను. ఒక బ్రాంచిలో చెరువు అప్పు ఫైలు చూశాను, ఫొటో బాగుంది. గట్టు మీద ఒక తాటిచెట్టు, దానికి తల లేదు, మొండెం కొంచెం పడమటికి ఒరిగింది. మర్నాడు స్వయంగా వెళ్ళి చూశాను, అదే చెట్టు. ఆ వారంలోనే ఇంకో రైతు ఫైలు తెరిస్తే ఫొటోలో మళ్ళీ అదే తాటిమొండెం, అదే ఒరుగు, ఈసారి కెమెరా ఎదుటి గట్టు నుంచి. ఒక చెరువు, రెండు అప్పులు. హైదరాబాదులో కూర్చుని కంప్యూటర్లో రెండు ఫొటోలూ పక్కపక్కన చూసినా నాకు అది దొరికేది కాదు. మొండి తాడి కింద నిలబడి చెమటోడ్చినదాన్ని కాబట్టి దొరికింది.

చెరువుల్లో చేపలకు మేత వేయడం చూడాలంటే పొద్దున్నే వెళ్ళాలి. తవుడు సంచులకు చిల్లులు పొడిచి, నీళ్ళలో పాతిన కర్రలకు కట్టుకుంటూ మనిషి చిన్న పడవలో పోతాడు. కాసేపటికి సంచుల చుట్టూ నీళ్ళు ఉడికినట్టు కదులుతాయి. శీలావతి, బొచ్చె, పంగాసియస్ చేపలు. పట్టుబడి రోజున ట్రేలు, ఐసు, లారీలు. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఆ చేప హౌరా దాకా, అస్సాం దాకా పోతుంది. ఒక లారీ డ్రైవరుతో, “దేశమంతా చూస్తారన్నమాట” అన్నాను ఉత్సాహంగా. “ఏం చూస్తామండీ, ఐసు కరుగుద్దండి” అన్నాడు. నిద్ర క్లీనరుతో పంచుకుంటాడు, స్నానం పెట్రోలు బంకులో. గువాహటిలో ఏం బాగుందంటే లారీ దింపే చోట నీడ ఉందన్నాడు. పని మీద తిరిగేవాళ్ళందరూ నాలా డీఏ తీసుకుంటూ తిరగరు, నాకా తేడా తెలుసు. కోతలయ్యాక వేల బాతుల్ని మడి నుంచి మడికి తోలుకుంటూ పోయే కాపరులు నెలల తరబడి ఇల్లు చూడరు. కోసిన మళ్ళలో రాలిన గింజలకూ నత్తలకూ బాతులు, గుడ్లకు వాళ్ళు. వాళ్ళ గుడారం పక్కన కారాపి సెల్ఫీ దిగేవాళ్ళను చూశాను. నేనూ ఆగాను, కానీ మడి మేపుకి రైతుకెంత ఇస్తారు, గుడ్డు ఎంతకి పోతుంది అని అడిగాను. అలవాటైన ప్రశ్నలు కాబట్టి వాళ్ళూ విసుక్కోకుండా జవాబిచ్చారు. మా సెక్షన్ అబ్బాయి లాంటివాళ్ళు “మీ జీవితం ఎంత స్వేచ్ఛగా ఉంది” అంటారేమోనని భయం.

కొల్లేటి పక్షుల గురించి రాసినప్పుడల్లా మన పత్రికలు సైబీరియా ప్రస్తావన తేకుండా ఉండవు. వలస పక్షులు వచ్చే మాట నిజమే. కానీ అక్కడి ఆటపాకలో అందరూ చూసే గూడబాతులు మాత్రం ఎక్కువగా మన దేశపు పక్షులే. నీళ్ళూ చేపా గూటికి చోటూ ఎక్కడుంటే అక్కడికి వెళ్తాయి, అటవీశాఖ పాతిన ఇనప స్టాండ్ల మీద కూడా గూళ్ళు పెడతాయి. పశ్చిమ గోదావరిలో ఆరేడు అనే ఊళ్ళో ఒకప్పుడు చెట్ల నిండా వీటి గూళ్ళుండేవి. ఆ సంగతి 1940ల్లో బయటి ప్రపంచానికి చెప్పింది కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ ఇంగ్లీషు మేష్టారు. మలయాళ పాఠకులకు ఆయన ఇందుచూడన్. తర్వాత ఆ కాలనీ ఖాళీ అయిపోయింది. ఎక్కణ్ణుంచో సైబీరియా నుంచి వచ్చాయంటే మనకు ముచ్చట. పక్క జిల్లా నుంచి కాపురం పెట్టుకోవడానికి వచ్చాయంటే ముచ్చట తగ్గిపోతుంది. పక్షులు కూడా విహారయాత్రకే రావాలనుకోవడం సెలవుల మీద బతికే నగరవాసుల ఆలోచన.

నా క్యాంపుల్లో సుఖం తక్కువ. ఆ ప్రాంతంలోనే ఒక పట్నంలో, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక లాడ్జిలో ఒంటరి ఆడమనిషికి గది ఇవ్వమన్నారు. ఆర్డరు కాగితం చూపించినా కౌంటరు దగ్గర మనిషి దాన్ని తిప్పి కూడా చూడలేదు. బ్రాంచి క్యాషియరు గారు వాళ్ళింటికి తీసుకెళ్ళారు. వారం రోజులూ అక్కడే. ఆయన తల్లిగారు కొరమీను పులుసు కుండలో వండి, మర్నాటికి గానీ రుచి రాదని ఆ పూట నాకు ముట్టనివ్వలేదు. ద్వారకా తిరుమల, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర దాటి ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. రాత్రి మంచాలు పక్కపక్కన వేసుకుని పడుకున్నాక చీకట్లో అడిగింది: “ఊళ్ళు తిరగడానికి మీకు జీతం కూడా ఇత్తారా అమ్మా?” ఇస్తారన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “మా మనవరాలిని బ్యాంకు పరీచ్చ రాయమంటాను” అంది. లాడ్జిలో గది దొరికుంటే ఈ సంభాషణ నాకుండేది కాదు. అలాగని గది ఇవ్వని లాడ్జిని మెచ్చుకోను. ఈ రోజుకీ ఒంటరిగా వచ్చిన ఆడపిల్లను ఎగాదిగా చూసే కౌంటర్లున్నాయి, క్యాషియరు గారి తల్లులు అన్నిచోట్లా ఉండరు.

ఇప్పుడు ఈ క్యాంపులే తగ్గిపోతున్నాయి, నా బాధంతా అదీ. కోవిడ్ ఏడాది తప్పనిసరై మొదలుపెట్టిన వీడియో తనిఖీ, ఖర్చు కలిసొస్తుందని నిలిచిపోయింది. అప్పు తీసుకున్నవాడే ఫోన్లో జియోట్యాగు ఫొటో తీసి పంపుతాడు. అక్షాంశం రేఖాంశం సరిపోతే చాలు. ఒక్క మా బ్యాంకే కాదు, బీమా సర్వేలు, కంపెనీ ఆడిట్లు, ప్రభుత్వ సమీక్షలు అన్నీ తెర మీదికెక్కాయి. మరోపక్క ఉద్యోగుల ప్రయాణం కోసమే ప్రత్యేకంగా ఒక సదుపాయముంది, ఎల్టీసీ, అంటే సెలవు ప్రయాణ రాయితీ. నాలుగేళ్ళ బ్లాకులో సొంతూరికి, లేదా దేశంలో ఎక్కడికైనా. దూరం ఎక్కువైతే వచ్చే చార్జీ ఎక్కువ కాబట్టి అందరూ అండమానో కశ్మీరో రాస్తారు. హైదరాబాదు నుంచి పెదవేగికి ఎల్టీసీ పెట్టినవాణ్ణి నేను చూడలేదు. 2020 అక్టోబరులో కేంద్రం ఇంకో అడుగు ముందుకేసింది: వెళ్ళకపోయినా ఫర్వాలేదు, చార్జీకి మూడింతల విలువైన, జీఎస్టీ 12 శాతమో ఆపైనో ఉన్న సరుకు కొనండి, చార్జీ డబ్బు ఇస్తామంది. లాక్‌డౌన్‌లో వ్యాపారాలు నడవాలి కాబట్టి అర్థం చేసుకోవచ్చు. మా సెక్షన్లో ఆ ఏడు ఊటీ బదులు వాషింగ్ మెషిన్లు వచ్చాయి, ఎవరూ బెంగపడలేదు. చూడ్డానికని వెళ్ళే ప్రయాణం సరుకుతో మార్చుకోగలిగిందే అని ఆ ఏడాది ఋజువైంది.

ఆ రోజుల్లోనే ఇంటి నుంచి పనిచేసే సాఫ్టువేరు పిల్లలు సొంతూళ్ళు చేరారు. ఏలూరు చుట్టుపక్కల పల్లెల్లోనూ మేడమీది గదుల్లో రాత్రిళ్ళు లైట్లు వెలిగేవి, అమెరికా టైముకు మీటింగులు. ఇప్పుడు అదే పద్ధతిలో ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని గోవా, బాలీ వెళ్ళి కూర్చుంటున్నారు. పని, ప్రయాణం రెండూ కలిశాయి కదా మేడమ్ అంటాడు మా సెక్షన్ అబ్బాయి. కలవలేదు. పనిని వెంట తీసుకుని ఒక ఊరికి వెళ్ళడం వేరు, ఆ ఊళ్ళో పని ఉండి వెళ్ళడం వేరు. మొదటివాడికి ఊరు కిటికీ బయట ఉంటుంది. వైఫై బాగుంటే చాలు, ఏ ఊరైనా ఒకటే. రెండోవాడు ఆ ఊరి మనుషుల్ని అడగకుండా ఒక్క అడుగు వేయలేడు. పెదవేగిలో ఆ ఏడాదంతా మేడమీద ఉన్న ఒక కుర్రాణ్ణి, ఇప్పుడు గెల టన్ను ఎంతుందని అడిగితే వాళ్ళ నాన్నను పిలిచాడు.

నా వాదనలో చిక్కు లేకపోలేదు. చంటిపిల్లల తల్లిని మే నెలలో వారం క్యాంపు వేస్తే అది శిక్ష. మా విభాగంలో ఒకమ్మాయి వీడియో తనిఖీ వచ్చిందని దేవుడికి కొబ్బరికాయ కొట్టింది, ఆమెది తప్పనను. అయినా క్యాంపు ఎవరికి కావాలో అడిగి వేయొచ్చు కదా. పాతికేళ్ళవాడు ఉద్యోగం మానేసి వియత్నాం పోతానంటున్నాడంటే వాడికి ఏసీ గదిలో ఊపిరాడటం లేదని అర్థం. ఆ కుర్రాణ్ణి మూడు నెలలు కైకలూరు వెయ్యండి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో తెల్లవారుజామున లారీలు దిగేటప్పుడు గోడౌన్ స్టాకు లెక్కపెట్టమనండి. యుద్ధకాలంలో విమానాలు దిగడానికి వేసిన రన్‌వే ఇదేనని దారిలో ఎవరో ఒకరు చూపిస్తారు, చూపించకుండా వదలరు. బ్యాంకుకు దొంగ ఫైళ్ళు దొరుకుతాయి, వాడికి రాష్ట్రం దొరుకుతుంది. రైలు చార్జీ, లాడ్జి ఖర్చు ఒక మొండి బకాయి ముందు ఎంత?

ఇంకోటి కూడా గమనించాను. నా ఈడు తెలుగు ఆడవాళ్ళలో ఎక్కువమంది చూసిన విదేశం అమెరికా. ఎందుకు వెళ్ళారు? కూతురి పురుడికో, కోడలి పురుడికో. ఆరు నెలలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి వచ్చిన మా పక్క ఫ్లాటు ఆవిడ నయాగరా గురించి రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటుంది. పిల్లల డాక్టరు దగ్గర వరస ఎలా నడుస్తుందో, బాలింతకు పెట్టే కారప్పొడికి ఎండుమిర్చి ఏ కొట్లో దొరుకుతుందో, ఎదురింటి మెక్సికో ఆవిడ భాష రాకుండానే తనకు ఏమేం నేర్పిందో మొదలుపెడితే మాత్రం ఆపడం కష్టం. అంట్లు తోమి, లాలపోసి, నడుం నొప్పితో తిరిగొచ్చిన ప్రయాణం అది. దాన్ని ఎవరూ యాత్ర అనరు. కాశీయాత్ర చరిత్ర పక్కన పెట్టదగ్గ పుస్తకం ఆవిడ దగ్గరుందని నా నమ్మకం, రాసుకునే తీరిక ఎవరూ ఇవ్వలేదు.

రిటైరయ్యాక సంగతేమిటని నన్నూ అడుగుతున్నారు. ప్యాకేజీ టూర్ల కరపత్రాలు ఇప్పటికే ఇంటికొస్తున్నాయి. మొన్న పెదవేగి రైతు, ముక్కుపురుగు చూపించినాయన, పాత అప్పు తీరిపోయినా పండగలకు ఫోన్ చేస్తుండే మనిషి, “ఖాళీ అయ్యాక మా ఊరు రండి మేడమ్ గారూ” అన్నాడు. ఏం పని మీద రమ్మంటారని అడిగాను. “పనేముందండీ, ఊరికేనండి” అన్నాడు. ఊరికే అయితే నాకు తోచదండీ అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, “అయితే ఒకటుందండి. మావోడు ఫ్యాక్టరీ కాటా చీటీలన్నీ రేకు డబ్బాలో పడేసుంచాడు. ఎకౌంట్లో పడ్డ డబ్బుతో సరిచూసే దిక్కు లేదండి. భోజనం మాది, మంచం మాది. టీఏ మాత్రం ఇవ్వలేమండి” అన్నాడు. ఎన్నేళ్ళ చీటీలో అడిగాను. నవ్వాడు గానీ చెప్పలేదు. ఒప్పుకున్నాను. 58 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకు రైల్లో ఉండే సగం చార్జీ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది కాబట్టి, గౌతమి టిక్కెట్టు పూర్తి ధర పెట్టి నేనే కొనుక్కోవాలి.